అప్‌డేట్ వేసుకోమంటే సరిపోదు, లోపల ఏం బాగుచేశారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ టెక్నాలజీ పేజీలో సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది, వెంటనే వేసుకోండి అని తరచూ రాస్తారు. మంచిదే, కానీ ఆ అప్‌డేట్‌తో ఏం బాగుపడిందో ఒక్క ముక్క కూడా ఉండదు. నేను కెర్నల్ మీద, అంటే ఆపరేటింగ్ సిస్టంని నడిపించే మూల ప్రోగ్రాం మీద పనిచేస్తాను, అందుకే ఒక్క కేసు చెప్తాను.

లైనక్స్ కెర్నల్‌లో 2009 నుంచి పెర్ఫ్ అనే భాగం ఉంది, ప్రాసెసర్ ఎన్ని సైకిల్స్ తీసుకుంది, క్యాష్ అనే దాని చిన్న మెమరీలో కావాల్సింది ఎన్నిసార్లు దొరకలేదు లాంటివి లెక్కపెడుతుంది. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది కూడా లైనక్స్ కెర్నలే. పెర్ఫ్‌లో ఇలా లెక్కపెట్టే ఒక్కోదాన్ని ఈవెంట్ అంటారు, ఈవెంట్లని గ్రూపులు కడతారు, కెర్నల్ తనే లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ గ్రూపులో ప్రాసెసర్ లెక్కపెట్టే హార్డ్‌వేర్ ఈవెంట్ చేరిస్తే గ్రూపు మొత్తాన్నీ హార్డ్‌వేర్ కాంటెక్స్ట్‌లోకి, అంటే ఆ ఈవెంట్ల జాబితా ఉండే చోటికి మార్చాలి. ఒకే గ్రూపుని మార్చడానికి రెండు థ్రెడ్లు, అంటే పక్కపక్కనే నడిచే రెండు పనులు ఒకేసారి వచ్చాయనుకోండి, ఒకదానికి లాకులు (ఒకసారికి ఒక్కరే ముట్టుకునేలా వేసే తాళాలు) దొరికాయి, రెండోది ఆగింది, మొదటిది గ్రూపుని మార్చేసి వెళ్లిపోయింది, రెండోదానికి లాకులు దొరికేసరికి అది నమ్ముకున్న కాంటెక్స్ట్ పాతబడిపోయింది, ఒక్కోసారి అసలు బతికే ఉండదు. దీన్ని పట్టుకుని మామూలు యూజర్ తనకి లేని అధికారాలు తెచ్చుకోవచ్చు. సెక్యూరిటీ లోపాలకి ఇచ్చే సీవీఈ నంబర్లలో సీవీఈ-2017-6001 అంటే ఇదే.

పొలం కొనేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది, ఎప్పుడో తీసిన ఈసీ పట్టుకుని రిజిస్ట్రేషన్‌కి వెళ్తే మధ్యలో ఎవరికి అమ్మేశారో ఏం తెలుస్తుంది, మళ్లీ తీయించి చూసుకోవాల్సిందే. లాక్ దొరికాక కాంటెక్స్ట్ ఇంకా అదేనా అని మళ్లీ చూడాలనే రూల్ కెర్నల్ డెవలపర్ పీటర్ జిల్‌స్ట్రా 2015లోనే పెట్టారు, కానీ పెర్ఫ్ ఈవెంట్ ఓపెన్ అనే సిస్టం కాల్ (ప్రోగ్రాం కెర్నల్‌ని పని అడిగే పిలుపు) దారి ఒక్కటి తప్పిపోయింది. 2017 జనవరిలో అక్కడ కూడా ఆయనే సరిచేశారు, కెర్నల్ 4.9.7 వెర్షన్‌లో వచ్చింది. అంత అనుభవం ఉన్న మనిషికే అలా జరిగిందంటే ఈ పని ఎంత కష్టమో చూడండి.

ఇంకో లాక్ పెడితే పోతుంది కదా అని చాలామంది కుర్రాళ్లు అంటారు. పోదండీ! రెండు లాకులు పట్టాలంటే అందరూ ఒకే వరసలో పట్టాలి, నువ్వు ఇటు నేను అటు పడితే ఇద్దరమూ అక్కడే ఆగిపోతాం. పైగా పెర్ఫ్‌లో శాంపిల్ ఇంటరప్ట్, అంటే లెక్క కోసం నడుస్తున్న పనికి అడ్డొచ్చే పిలుపు, చాలా ప్రాసెసర్లలో ఆపడానికి వీల్లేని రకం, లాక్ చేతిలో ఉండగానే వచ్చి పడుతుంది, అక్కడ మళ్లీ అదే లాక్ కోసం చూస్తే ఆ సీపీయూ కథ అంతే.

మా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు మ్యూటెక్స్ అనే లాక్ డెఫినిషన్ గడగడా చెప్తారు, ఇలాంటి నిజం బగ్ ఒక్కటి కూడా చూసుండరు. మీ చదువుల పేజీలో ఇలాంటి కేసు నెలకొకటి బొమ్మలతో వేయండి. రాసిచ్చే పని నేను చేస్తాను, డబ్బులేం వద్దు.

ఇట్లు,
మీ పాఠకుడు, హైదరాబాద్