ఐరోపా సుద్దులు మనకేనా?

సంపాదకుడు గారికి,

ముక్కలైపోతున్న ప్రపంచంలో ఐరోపా ఒక్కటే ధర్మం పక్షాన నిలబడిందని పోయిన వారం మీ సంపాదకీయంలో రాశారు. కోపం తగ్గాక జవాబు రాద్దామనుకున్నాను. తగ్గలేదు.

2021 జులైలో ఐరోపా సమాఖ్య ప్రయాణాలకు కొవిడ్ సర్టిఫికెట్ తెచ్చినప్పుడు జరిగిందంతా అప్పుడే మరిచిపోయారా? అదే ఆస్ట్రాజెనెకా టీకా అక్కడ తయారైతే చెల్లుతుంది, పుణెలో కొవిషీల్డ్ పేరుతో తయారైతే ఉమ్మడి జాబితాలో చోటు లేదు! ఏ దేశం ఒప్పుకుంటుందో, ఏది ఒప్పుకోదో విడివిడిగా కనుక్కోవాల్సి వచ్చింది. హైదరాబాద్ కొవాగ్జిన్ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. పోనీ టీకాల పేటెంట్లు కొన్నాళ్లు పక్కనపెట్టండని 2020 అక్టోబరులో భారత్, దక్షిణాఫ్రికా ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో అడిగితే అడ్డం తిరిగిన వాళ్లలో ముందున్నదెవరు? 2022 జూన్‌లో జెనీవాలో ఏదో సగం సగం రాజీ కుదిరేసరికి పోయేవాళ్లు పోయారు. దీన్నేనా మీరు అంతర్జాతీయ సహకారమన్నది?

రష్యా చమురు కొంటున్నామని మనకు నీతులు. 2025 జులైలో గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ మీద ఆంక్షలు కూడా పెట్టారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలై రెండేళ్లు దాటాక 2024లో కూడా రష్యా గ్యాస్ ఓడలు బెల్జియం, ఫ్రాన్స్, స్పెయిన్ రేవుల్లో దిగుతూనే ఉన్నాయి. ఆ గ్యాస్‌కు యుద్ధం అంటదు కాబోలు!

వాళ్లలో వాళ్లకైనా పొత్తు కుదురుతోందా అంటే అదీ లేదు. సమాఖ్యలోని ఇరవై ఏడు దేశాల్లో ఒక్కరు కాదంటే విదేశాంగ నిర్ణయం ఆగిపోతుంది. ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలకు 2023 డిసెంబరులో ఒప్పుకోవడానికి హంగరీ ప్రధాని ఓర్బాన్ కాసేపు గది బయటికి వెళ్లాల్సి వచ్చింది. ఆయనే మళ్లీ లోపలికొచ్చి 5,000 కోట్ల యూరోల సాయానికి అడ్డుపడ్డారు. మన జడ్పీ సమావేశంలో ఇలా జరిగితే మీ పత్రికే కార్టూన్ వేసేది.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 2022లో స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలో మన విదేశాంగ మంత్రి జైశంకర్ ఐరోపాను నాలుగు మాటలు అంటే చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత? తయారీలో వెలువడే కార్బన్ లెక్కన ఐరోపా వేసే కార్బన్ పన్ను మన ఉక్కు మీద వచ్చి పడుతోందని తెలిసీ నోరు విప్పిన తెలుగు ఎంపీలు ఎంతమంది? విదేశాలకు వెళ్లి పెట్టుబడుల ఫొటోలు దిగడానికి మాత్రం అందరికీ తీరిక ఉంటుంది.

ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఫీజు 2024 జూన్‌లో 80 యూరోల నుంచి 90కి పెంచారు. వీసా నిరాకరించినా అందులో పైసా వెనక్కి రాదు. మా బంధువుల అబ్బాయికి ఆ భాగ్యం దక్కింది. మీ తర్వాతి సంపాదకీయం దాని మీద రాస్తే చదువుతాను.

— ఒక పాఠకుడు, కాకినాడ