స్టార్లు ఎందుకు పోయినయో ఎవరిని అడగాలె?

ఎడిటర్ గారికి నమస్తే. గిగ్ వర్కర్ల (యాప్‌ల మీద పని చేసేటోళ్ల) గురించి రాస్తే ఎండ, ట్రాఫిక్, పెట్రోల్ అని రాస్తరు, అవన్నీ నిజమే గానీ మా పని ఎట్లుందో చూసి చెప్పే మనిషే లేడన్నది ఎవరూ పట్టించుకోరు. నేను హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తా. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్ల మ్యాప్ తప్పు చూపించినా ఏ సందుల దూరాల్నో నాకు తెలుసు, అది ఇన్నేండ్లల్ల నేర్చుకున్న పనితనమే కదా, యాప్‌కి మాత్రం లెక్కే లేదు. హోటలోళ్లు లేట్ చేసినా, అపార్ట్‌మెంట్ల లిఫ్ట్ ఎక్కనియ్యకపోయినా (మెట్లెక్కి పొమ్మంటరు, అదో కథ) కస్టమర్ ఇచ్చే రేటింగ్ స్టార్లు పోయేది మాకే. ఆర్డర్లు తగ్గితే రేటింగ్ వల్లనా ఇంకేదన్నా ఉందా అని అడుగుదామంటే చాట్‌ల బాట్ (మనిషి కాదు, కంప్యూటరే జవాబిస్తది) సారీ చెప్పి క్లోజ్ చేస్తది. ఐడీ బ్లాక్ అయిందంటే ఇగ అంతే సంగతి. ఇట్లయితే మంచిగ చెయ్యాలన్న ఇంట్రెస్ట్ ఏడుంటది సార్, స్క్రీన్ ఏం చెప్తే అది చేసి ఇంటికి పోవుడే.

2023లో రాజస్థాన్ గిగ్ వర్కర్లకు చట్టం చేసింది, అది ఎక్కువగా వెల్ఫేర్ ఫండ్ గురించి. కర్ణాటక 2025 చట్టం ఇంకో అడుగు ముందుకేసింది, రేటింగ్, పని పంచుడు సిస్టం ఎట్ల చేస్తదో వర్కర్‌కి తెలిసిన భాషల చెప్పాలె, తీసేసేముందు కారణం రాసిచ్చి 14 రోజుల నోటీస్ ఇయ్యాలె. మన రెండు రాష్ట్రాలల్ల కూడా ఇన్సూరెన్స్ ఇస్తే చాలనుకోకుండా ఇది గట్టిగ అమలు చెయ్యాలె, కంప్లైంట్ వింటందుకు తెలుగు, ఉర్దూ వచ్చిన మనిషిని పెట్టాలె.

– ఒక డెలివరీ వర్కర్, హైదరాబాద్