అమ్మ పొట్ట నొక్కి చూసిన సిస్టర్‌కు

మా అమ్మ ఆరేళ్ళుగా ఇన్సులిన్ వేసుకుంటోంది. నెల్లూరులో ఒక్కతే ఉంటుంది, సూది కూడా తనే వేసుకుంటుంది. ఏడాదిగా షుగర్ అదుపు తప్పింది. ఒక పొద్దున 310 ఉంటుంది, మర్నాడు అర్ధరాత్రి 58కి పడిపోయి ఒళ్ళంతా చెమటలు, వణుకు. చూపించిన చోటల్లా డోసు పెంచారు. నోరు కట్టుకోవడం లేదని ఇంట్లో అందరం అమ్మనే అన్నాం. అందరికంటే ఎక్కువ అన్నది నేనే.

మొన్న మార్చిలో చెన్నై తీసుకొచ్చి పెరంబూరులో మా ఇంటి దగ్గరి ఆస్పత్రిలో చేర్చాను. రెండో రోజు రాత్రి డ్యూటీ సిస్టర్ ఇన్సులిన్ వేయడానికి వచ్చి, "అమ్మా, ఇంట్లో ఎక్కడ వేసుకుంటారు?" అని అడిగారు. అమ్మ బొడ్డు పక్కన చూపించింది. సిస్టర్ సూది ట్రేలో పెట్టేసి, వేళ్ళతో అక్కడ మెల్లగా నొక్కి చూశారు. నా చెయ్యి పట్టుకుని నాచేత కూడా నొక్కించారు. చర్మం కింద నిమ్మకాయంత గడ్డ, రబ్బరులా. అటుపక్క ఇంకోటి.

"రోజూ ఇక్కడేనా?"

"అక్కడైతే నొప్పి తెలీదు తల్లీ."

ఒకేచోట ఏళ్ళ తరబడి పొడిస్తే కొవ్వు అలా గడ్డలా పెరుగుతుందట. వాడిన సూదే మళ్ళీ మళ్ళీ వాడితే ఇంకా ఎక్కువ. అమ్మ ఒక్కో సూది పది రోజులు వాడేది. ఆ గడ్డలో వేసిన మందు ఒంటికి ఒకరోజు సరిగా పట్టదు, ఇంకోరోజు ఎక్కువ పడుతుంది. అమ్మ షుగర్ అలా ఎగిరిపడడానికి అదే కారణం. పాపం, నోరు కట్టుకునే ఉంది.

ఇక నుంచి వేరేచోట వేద్దామని నేనన్నాను. సిస్టర్ ఆపారు. మంచి చోట వేస్తే ఇదే డోసు బాగా పట్టి షుగర్ మరీ పడిపోవచ్చు, డోసు సంగతి డాక్టర్ గారే చెప్పాలి అని, అప్పటికప్పుడు డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేశారు. ఆయన వచ్చి చూసి డోసు తగ్గించారు. ఆ ఫోనే చెయ్యకపోతే మేం ఇంటికెళ్ళాక ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఆమె తిరువళ్ళూరు వైపు తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు రాయడం రాదు కాబట్టి అమ్మకు బొమ్మ గీసిచ్చారు. గుండ్రంగా పొట్ట, మధ్యలో చుక్క బొడ్డు, చుట్టూ నాలుగు గళ్ళు. వారానికో గడి. గడిలో కూడా నిన్నటి చోటికి ఒక వేలి వెడల్పు దూరంలో వెయ్యాలి. గడ్డల జోలికి పోకూడదు. అమ్మ సంచిలోని సిరంజీలు కూడా తీసి చూశారు. మన సీసాల మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజీయే వాడాలట. నారింజ రంగు మూతది 100 అని ఉన్న సీసాలకు. 40 సీసాకు అది వాడితే గీత సరిగానే కనిపిస్తుంది గానీ ఒంట్లోకి వెళ్ళే మందు సగం కూడా ఉండదు.

షుగర్ 70 కన్నా తగ్గితే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకు మళ్ళీ చూసుకోమన్నారు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలని నాకు వేరేగా చెప్పారు. ఇదంతా అమ్మచేత తిరిగి చెప్పించుకున్నారు. అమ్మ రెండుసార్లు తప్పు చెప్పింది, ఆమె రెండుసార్లూ విసుక్కోకుండా మొదటి నుంచి చెప్పారు. వార్డులో ఆ రాత్రి ఇరవైమంది పైనే ఉన్నారు.

ఇప్పటికి మూడు నెలలు. పరగడుపున 130, 140 మధ్య ఉంటోంది. రాత్రి చెమటలు మళ్ళీ రాలేదు. బొమ్మ కాగితం నెల్లూరులో ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది. ఈ వారం ఎడమవైపు కింది గడి.

సిస్టర్, పేరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టలేదు. మీకు తెలుగు చదవడం రాదు. ఆ వార్డులో పనిచేసే తెలుగువాళ్ళెవరైనా ఇది చూస్తే, దయచేసి ఆమెకు చదివి వినిపించండి.