అమెరికా టికెట్ మీద మొత్తం ఎన్ని గంటలో పెద్దగా రాయాలి

సంపాదకులకు నమస్కారం.

ఈ జూన్‌లో మా అమ్మను డాలస్ పంపించాం. చెల్లి అక్కడ ఫ్రిస్కోలో ఉంటుంది. తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో బయలుదేరి, అదే రోజు సాయంత్రం నాలుగున్నరకు డాలస్ చేరుతుందని టికెట్ మీద ఉంది. 71 ఏళ్ల అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "పన్నెండున్నర గంటలేగా" అంది. నాకూ తేడా తట్టలేదు.

నిజానికి అది 23 గంటలు. వేసవిలో డాలస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. దుబాయ్‌కి నాలుగు గంటలు, విమానం మారడానికి మూడు, అక్కణ్నుంచి డాలస్‌కు పదహారు. తెనాలి నుంచి కారులో వెళ్లిన ఆరు గంటలు, ముందుగా వెళ్లి ఎయిర్‌పోర్టులో కూర్చున్న నాలుగు గంటలు కలిపితే 33.

అమ్మకు షుగర్ ఉంది. పొద్దున మాత్ర వేసుకుంది. రెండోది డాలస్‌లో దిగి, రాత్రి అన్నం తిన్నాక వేసుకుందామనుకుంది. విమానం దిగేసరికి మన దగ్గర మర్నాడు తెల్లవారుజాము మూడు. మాత్ర వేళ ఎప్పుడో దాటిపోయింది. కాళ్లు వాచి, షుగర్ బాగా పెరిగి, చెల్లిని చూడగానే కుర్చీలో కూలబడింది. ఆ వారమంతా మాకు టెన్షనే.

ఇది దూరం తెచ్చిన ఇబ్బంది కాదు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు సూటిగా దాదాపు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళ్తే ఇంకో వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ, అంతే. ప్రాణం తీసేది మధ్యలో దిగడం, ఆ పొడవాటి నడకలు, మళ్లీ తనిఖీలు, భాష రాక పడే కంగారు. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. అదీ 13 వేల కిలోమీటర్ల పైమాటే. అది ఎక్కువ కాలం నడవలేదు. మళ్లీ రావాలని మాలాంటి వాళ్లందరం కోరుకుంటున్నాం.

అది వచ్చేలోగా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు మొత్తం సమయం ఎక్కడో చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. అమ్మ చేతిలో పెట్టిన ప్రింటులో అది లేనే లేదు. పిల్లల దగ్గరికి ఒంటరిగా వెళ్లే తల్లిదండ్రులు చదివేది ఆ కాగితాన్నే. దాని మీద మొత్తం ఎన్ని గంటలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో, దిగేటప్పటికి మన టైం ఎంతో పెద్ద అక్షరాల్లో, తెలుగులో కూడా ముద్రించాలని పౌర విమానయాన శాఖ ఆదేశించాలి. ఆ శాఖ మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారే. దయచేసి పట్టించుకోమని వేడుకుంటున్నాను.

అమ్మ నవంబరు నెలాఖరున తిరిగొస్తుంది. అప్పటికి అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పేస్తారు, తేడా పదకొండున్నర గంటలవుతుంది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మన టైం ప్రకారం డబ్బా మీద రాసిమ్మని చెల్లికి ఇప్పుడే చెప్పాను.

– ఒక పాఠకురాలు, తెనాలి