పదిహేడు డాలర్ల చదివింపులు

బఫెలో,
నవంబరు 10, 2024

అమ్మమ్మా,

ఎలా ఉన్నావు? మోకాలి నొప్పి కాస్త తగ్గిందని అమ్మ చెప్పింది. నిజమేనా, లేక అమ్మకి కూడా అబద్ధమే చెబుతున్నావా? మేమంతా కులాసా. మంచు ఇంకా మొదలవలేదు.

పోయినవారం ఫోన్‌లో పిల్లల ఆసుపత్రికి చందా కట్టానని చెబితే, "అంత డబ్బున్న దేశంలో ఆసుపత్రికి చందాలేమిటే, విడ్డూరం కాకపోతే!" అన్నావు. ఈలోగా చిట్టి ఏడుపు అందుకుంది, ఫోన్ పెట్టేశాను. ఆ సంగతి ఫోన్‌లో తేలేది కూడా కాదు. అందుకే రాస్తున్నాను.

ఈ ఊళ్లో అందరికీ ఫుట్‌బాల్ పిచ్చి. పేరుకే ఫుట్‌బాల్, ఆడేదంతా చేతులతోనే. ఊరి జట్టు పేరు బఫెలో బిల్స్. అందులో బంతి విసిరే కుర్రాడు జాష్ అలెన్. కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే చిన్న ఊరు, వ్యవసాయం చేసే కుటుంబం. 2018లో ఇక్కడికొచ్చాడు. వచ్చిన కొత్తల్లోనే ఇక్కడి ఓషై పిల్లల ఆసుపత్రికి వెళ్లి పిల్లలతో కాసేపు గడపడం మొదలుపెట్టాడు. అతని చొక్కా మీద అంకె 17. ఈ అంకె గుర్తుపెట్టుకో.

2020 నవంబరులో, సియాటిల్ జట్టుతో ఆట రేపనగా అతని నాయనమ్మ పోయింది. పేరు పెట్రీషియా. మర్నాడు ఆడాడు. కరోనా రోజులు, స్టేడియంలో ప్రేక్షకుల్ని రానివ్వలేదు. ఖాళీ కుర్చీల మధ్య ఆట మొత్తం మీద 415 గజాల మేర బంతి విసిరి జట్టుని 44-34తో గెలిపించాడు. సంగతి తెలిశాక ఊరు ఊరంతా ఏదో ఒకటి చెయ్యాలనుకుంది. ఇంటికెళ్లి పలకరించే రోజులు కావుగా! అభిమానులు ఆవిడ పేరు మీద ఓషై ఆసుపత్రికి డబ్బు పంపడం మొదలుపెట్టారు. తలా పదిహేడు డాలర్లు.

ఆ వారం నేను పెరట్లో ఆకులు ఊడ్చుకుంటుంటే పక్కింటి పెద్దాయన కంచె దగ్గరికి వచ్చి పిలిచాడు. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, ఒక్కడే ఉంటాడు. మాస్కు పెట్టుకుని, చెయ్యి బాగా చాపి ఓ కవరు ఇచ్చాడు. పోస్టులో వెయ్యమని. ఆన్‌లైన్‌లో కట్టడం ఆయనకి రాదు. కవరు ఇంకా అంటించలేదు, ఇదేమిటని అడిగితే చెక్కులు తీసి చూపించాడు. ఒకటి కాదు, మూడు. ఒక్కోటీ పదిహేడు డాలర్లు. చెక్కు కింద ఎందుకోసమో రాసుకునే గీత ఉంటుంది కదా, మూడింటి మీదా వణుకుతున్న అక్షరాలతో "గ్రాండ్‌మా" అని రాశాడు. ఒకటి తనది, ఒకటి పోయిన భార్యది, ఒకటి మనవడిది. "యాభై ఒకటికి ఒకే చెక్కు రాయొచ్చుగా?" అన్నాను. నా తెలివితేటలకి జాలిపడ్డట్టు చూశాడు. "అప్పుడది పదిహేడు కాదుగా" అన్నాడు.

అప్పుడు నాకు మన పెళ్లిళ్లలో చదివింపులు గుర్తొచ్చాయి. తాతయ్య పుస్తకం ముందేసుకుని కూర్చుని, "ఫలానావారి చదివింపులు నూట పదహార్లు" అని గట్టిగా చదివేవాడు. ఎవరో నూట పాతిక ఇస్తే, ఆ అంకె బాగోలేదని తొమ్మిది తిరిగిచ్చేశాడని నువ్వే చెప్పి నవ్వేదానివి. ఇక్కడివాళ్లకీ ఓ నూట పదహారు ఉందన్నమాట!

ఆ పదిహేడులన్నీ కలిపి పది లక్షల డాలర్లు దాటాయి. ఆసుపత్రి పదో అంతస్తులో ఒక విభాగానికి ఆవిడ పేరు పెట్టారు, పెట్రీషియా అలెన్ పీడియాట్రిక్ రికవరీ వింగ్ అని. జబ్బు బాగా ముదిరిన పిల్లల్ని చూసుకునే డాక్టర్లకీ నర్సులకీ ఊతంగా ఆవిడ పేరుతోనే ఒక నిధి కూడా ఉంది.

పదిహేడు లెక్క ఈ ఊరివాళ్లకి కొత్తేం కాదు. అంతకు మూడేళ్ల ముందు, 2017 డిసెంబరు 31న, సిన్సినాటి జట్టు ఆటగాడు ఆండీ డాల్టన్ చివరి నిమిషంలో విసిరిన బంతితో బాల్టిమోర్ ఓడిపోయింది. దాంతో బిల్స్‌కి పదిహేడేళ్ల తర్వాత ప్లేఆఫ్స్, అంటే కప్పు కోసం సీజన్ చివర్లో ఆడే నాకౌట్ ఆటలు, దక్కాయి. ఎక్కడివాడో అతను! ఐనా జబ్బు పిల్లల కోసం అతనూ భార్యా నడిపే ఫౌండేషన్‌కి ఇక్కడివాళ్లు తలా పదిహేడు పంపారు. మూడు లక్షల డాలర్ల పైన చేరాయి.

ఇక నీ ప్రశ్న. ఇక్కడ పేదింటి పిల్లలకి మెడికెయిడ్ అని ప్రభుత్వ బీమా ఉంది. అదిచ్చేది చాలాసార్లు ఆసుపత్రికి అయ్యే ఖర్చుకి సరిపోదు. పైగా కొన్ని పనులకి ఏ బీమా వాళ్లూ విడిగా డబ్బివ్వరు. పోయినేడు చిట్టి గడ్డం పగిలి కుట్లు పడ్డాయి కదా? అప్పుడు ఒకమ్మాయి వచ్చి నేల మీద కూర్చుని, ముందు చిట్టి బొమ్మకి గడ్డం తుడిచి, పట్టీ వేసి, "ఇప్పుడు నీ వంతు" అంది. ఆమె డాక్టరూ కాదు, నర్సూ కాదు. పిల్లల భయం పోగొట్టడమే ఆమె ఉద్యోగం. ఇలాంటివాళ్ల జీతాలకి చాలాచోట్ల చందాలే దిక్కు. ఆ పూట నా టెన్షన్ కూడా సగం ఆమే తగ్గించింది.

అలెన్‌కి డబ్బుకేం లోటు లేదు. 2021లో ఆరేళ్లకి 25 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అంత ఉన్నవాడు ఇస్తే గొప్పేముంది అని నీలాగే నేనూ అనుకున్నాను. కానీ అతను వెళ్లి పలకరించే ఆసుపత్రి కాబట్టే ఆ మూడు చెక్కులు అక్కడికి చేరాయి, లేకపోతే పూలదండల కొట్టుకి వెళ్లేవేమో. ఆ లెక్కన అతనికీ కొంత పుణ్యం రాసుకోవచ్చులే.

అన్నట్టు, చందా ఫారంలో "ఎవరి పేరు మీద" అని ఉంది. పోయినవాళ్లకి ఒక గడి, ఉన్నవాళ్లకి ఒక గడి. కంగారుపడకు, సరైనదే నొక్కాను. నీ పేరూ అడ్రసూ ఇచ్చాను. ఇండియాకి పంపుతారో లేదో గానీ, పంపితే నీ పేరు మీద ఇంగ్లీషులో ఒక కార్డు వస్తుంది. కోర్టు కాగితమేమో అని మామయ్యని హడలగొట్టకు. కట్టింది పదిహేడు కాదు, నూట పదహారు.

నీ మనవరాలు