కారు రేవులో, మేము దీవిలో

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో అండమాన్ యాత్ర గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. సెల్యులార్ జైలు గురించి, రాధానగర్ బీచ్ గురించి రాసింది కూడా బాగుంది. కానీ చివర్లో "కారు అద్దెకి తీసుకుంటే ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు చూడండి, అక్కడే నాకు పాత మంట మళ్లీ రేగింది. పోయిన డిసెంబర్లో ఇలాంటి మాటే ఎక్కడో చదివి మావారు ఐదు రోజులకి కారు బుక్ చేశారు. ఆ ఐదు రోజుల్లో మూడు రోజులు కారు పోర్ట్ బ్లెయిర్లో రేవు దగ్గర ఎండలో నిలబడి ఉంది, మేము హావ్‌లాక్, నీల్ దీవుల్లో ఆటోలూ స్కూటీలూ ఎక్కి తిరిగాం. అద్దె మాత్రం ఐదు రోజులకీ కట్టాం.

(ఊళ్ల పేర్లు మారాయని తెలుసు. హావ్‌లాక్, నీల్ 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అయ్యాయి, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. నా నోటికి ఇంకా పాతవే వస్తున్నాయి, అక్కడి ఆటోవాళ్లూ పాతవే అంటున్నారు, కాబట్టి అలాగే రాస్తాను.)

మావారిని పూర్తిగా తప్పుపట్టలేను. మేము ఐదుగురం: మేమిద్దరం, పిల్లలిద్దరు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య. ఇంతమందిని వేసుకుని ప్రతిచోటా బేరాలాడుతూ ఎవడు తిరుగుతాడు, కారుంటే బ్యాగులు డిక్కీలో పడేసుకుని హాయిగా పోవచ్చు అని ఆయన లెక్క. కాకినాడలో కూర్చుని మ్యాప్ చూస్తే అది సరైన లెక్కలాగే కనిపిస్తుంది. మ్యాప్‌లో పోర్ట్ బ్లెయిర్‌కీ హావ్‌లాక్‌కీ మధ్య వేలెడంత దూరమే, ఆ మధ్యలో ఉన్నదంతా సముద్రమని తెలిసినా మనసుకి ఎక్కదు. మనకి పంటు మీద కారెక్కించి గోదావరి దాటడం అలవాటు కదా, ఇక్కడా అలాంటిదేదో ఉంటుందిలే అనుకున్నాం. హావ్‌లాక్‌కి పర్యాటకులు వెళ్లే ప్రైవేటు ఫెర్రీలు విమానం లోపల ఉన్నట్టు వరసగా సీట్లు, ఏసీ ఉండే పడవలు. వాటిలోకి మనుషులూ సామానూ తప్ప కారు ఎక్కదు. ఈ సంగతి మాకు కారిచ్చిన మనిషికి తెలియదా? మా టికెట్ల తేదీలు అడిగి మరీ రాసుకున్నాడు, ఒక్క మాట చెప్పలేదు.

పోనీ పోర్ట్ బ్లెయిర్లో ఉన్న రెండు రోజులైనా కారు పనికొచ్చిందా అంటే, ఒక్క రోజు వచ్చింది. మొదటి రోజు చూసినవన్నీ ఊళ్లోవే. సెల్యులార్ జైలు, మ్యూజియం, అబర్డీన్ బజారు అన్నీ ఒకదానికొకటి దగ్గర. రాస్ ఐలాండ్‌కి, నార్త్ బేకి ఎలాగూ పడవలోనే పోవాలి. ఊరు చూస్తే ఎత్తుపల్లాలు, ఇరుకు మలుపులు, ఒకవైపే వెళ్లనిచ్చే రోడ్లు. బజారు దగ్గర కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ మూడు చుట్లు తిరిగాం, నాలుగో చుట్టులో అత్తయ్య "నన్నిక్కడ దింపేయి నాయనా, మీరు నెమ్మదిగా రండి" అన్నారు. రెండో రోజు వండూరు వెళ్లి, అక్కణ్ణించి సాయంత్రానికి చిడియా టాపు వెళ్లాం. ఈ రెండూ ఊరికి దూరం, పైగా చెరోవైపు. కారు తీసుకున్నందుకు సంతోషపడింది ఆ ఒక్క రోజే. అడవి పక్కన రోడ్డు, పక్కనే సముద్రం, పిల్లలు అడిగిన చోటల్లా ఆగాం, మావారి ముఖం వెలిగిపోయింది, ఆ మాట దాచడం ఎందుకు.

అయితే అక్కడా ఒక తిరకాసు ఉంది, ఏ యాత్రా వ్యాసంలోనూ ఇది నేను చదవలేదు. అండమాన్ మనకంటే బాగా తూర్పున ఉంటుంది, గడియారం మాత్రం మనదే. డిసెంబర్లో సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు కుంగిపోతాడు, ఐదున్నరకి కటిక చీకటి. "సూర్యాస్తమయం చూసుకుని మెల్లగా బయల్దేరదాం" అని ఇక్కడి అలవాటుతో అనుకుంటే తెలియని రోడ్డు మీద, అడవి మలుపుల్లో, చీకట్లో పాతిక కిలోమీటర్లు నడపాలి. ఎదురుగా వచ్చే జీపు లైట్లు కళ్లల్లో కొడుతుంటే నేను సీటు పట్టుకుని కూర్చున్నాను. ఫోన్‌లో సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020లో మొదలయ్యాక నెట్ చాలా మెరుగైందని అక్కడివాళ్లే చెప్పారు, అయినా ఊరు దాటాక నమ్మకం లేదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోమని మా అమ్మాయి చెప్పినప్పుడు మేం వినలేదు.

హావ్‌లాక్ సంగతికొస్తే, అక్కడ కారు గురించి ఆలోచించనే అక్కర్లేదు. రేవు నుంచి రాధానగర్ బీచ్ ఓ 12 కిలోమీటర్లు, ఇంకోవైపు కాలాపత్థర్ బీచ్. తిరగడానికి ఉన్నవి ముఖ్యంగా ఈ రెండు దారులే. ఎలిఫెంట్ బీచ్‌కి రోడ్డే లేదు, పడవెక్కాలి లేదా అడవిలో నడవాలి. అక్కడ అందరూ స్కూటీలు తీసుకుంటారు, మేమూ రెండు తీసుకున్నాం. మావారి వెనక అబ్బాయి, నా వెనక అమ్మాయి, అత్తయ్యని ఆటోలో ముందు పంపేవాళ్లం. ఆ ఆటో అబ్బాయి మన తెలుగువాడే, వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి విశాఖలో ఓడెక్కి వచ్చేశాడట. పోర్ట్ బ్లెయిర్లో అయితే తెలుగువాళ్లు ఇంకా చాలామంది, బేరం హిందీలో మొదలుపెట్టి తెలుగులో ముగించామంటే నమ్మండి. రెండు రోజులూ అత్తయ్యకి అతనితోనే కబుర్లు, మమ్మల్ని అడగడమే మానేశారు. నీల్ అయితే మరీ చిన్నది. రేవు దగ్గరే ఆటో మాట్లాడుకుంటే భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ బీచ్‌లు, సముద్రం తొలిచిన రాతి వంతెన అన్నీ చూపించి తెచ్చి దింపేస్తాడు. ఆ వంతెన దగ్గరికి నీళ్లు వెనక్కి తగ్గిన వేళలోనే పోవాలి, ఆ వేళ మనకేం తెలుసు, అతనికి తెలుసు.

బారాటాంగ్ సున్నపురాయి గుహలు చూడాలని కూడా మావారికి ఉండేది. కారు కాగితం తిరగేస్తే అక్కడికి తీసుకెళ్లకూడదని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఆ రోడ్డు జారవాలనే ఆదివాసుల అడవి మధ్య నుంచి పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర అన్ని బళ్లనీ ఆపి, నిర్ణీత వేళల్లో వరసకట్టించి పంపుతారు, మధ్యలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు. మొదటి వరస అందుకోవాలంటే తెల్లవారుజామున మూడింటికల్లా ఊళ్లో బయల్దేరాలి. నిద్రమొహంతో ఆ చీకట్లో స్టీరింగ్ పట్టడం కంటే, పోవాలనుకునేవాళ్లు దారి తెలిసిన డ్రైవర్‌తో టాక్సీలో పోవడమే నయం. మేమైతే వెళ్లలేదు. ఆ అడవిలో రోడ్డు మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పిందట. మనం గుహలు చూడటానికి వాళ్ల ఇంటి మధ్యలోంచి బళ్లు వేసుకుని పోవడం నాకైతే నచ్చలేదు. మావారికి ఇప్పటికీ ఆ వెలితి ఉంది.

ఇక తిరిగి అప్పగించేటప్పుడు జరిగింది చెప్పాలి. కారిచ్చిన మనిషి వెనక బంపర్ మీద గీత చూపించి, డిపాజిట్లోంచి మూడు వేలు కోసుకుంటానన్నాడు. ఆ గీత ముందునుంచీ ఉందని నాకు గట్టిగా తెలుసు, చూపించడానికి మాత్రం ఫొటో లేదు, విమానానికి రెండు గంటలే టైముంది. ఇచ్చేసి వచ్చేశాం. అప్పుడు గమనించింది మా అబ్బాయి, ఆరో తరగతి: "నాన్నా, ఈ కారు నంబర్ ప్లేటు తెల్లగా ఉందేంటి, పక్కనున్నవి నల్లగా ఉన్నాయి?" అన్నాడు. సొంతంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే బళ్లకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటంటే అది ఎవరో ఇంట్లో వాడుకునే బండి. అలాంటిది అద్దెకి తిప్పుతూ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేసే వీలుంది. రెండు రోజులు అత్తయ్యనీ పిల్లల్నీ ఎక్కించుకుని ఆ బండిలో తిరిగామని తెలిశాక మూడు వేల బాధ ఎటు పోయిందో తెలియదు. విమానంలో మావారు ఒక్క మాట మాట్లాడలేదు. స్కూటీలకీ ఇదే లెక్క, హావ్‌లాక్‌లో నేను నడిపిన దాని ప్లేటు రంగు ఏంటో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తురావట్లేదు.

టాక్సీవాళ్లంతా మంచివాళ్లనీ, సొంతంగా నడుపుకునేవాళ్లంతా మోసపోతారనీ నేననను. మాకు టాక్సీవాడూ ఓసారి రెట్టింపు చెప్పాడు. వారం పది రోజులుండి రంగత్, మాయాబందర్ దాటి డిగ్లీపూర్ దాకా పోయేవాళ్లకి బండి లేకపోతే కుదరదు, అది మూడు వందల కిలోమీటర్లు దాటిన రోడ్డు. కానీ మనవాళ్లు ఎక్కువమంది వెళ్లేది ఐదారు రోజులకి, అందులో సగం వేరే దీవుల మీదే గడుస్తుంది. వాళ్లకి పోర్ట్ బ్లెయిర్లో ఒక్క రోజుకి బండి చాలు, అది కూడా వండూరు, చిడియా టాపు చూసే రోజుకి. మిగతాదంతా ఆటో, స్కూటీ, వీలుంటే బస్సు. మోహన్‌పురా బస్టాండ్ నుంచి ఆ రెండు చోట్లకీ ప్రభుత్వ బస్సులు కూడా పోతాయి, అది మాకు ఆఖరి రోజున తెలిసింది.

అందుకే మీకు నా విన్నపం. ఇకపై ఏ దీవి గురించి రాసినా హోటల్ పేర్లు, తినే చోట్లు రాసే చోటే ఇంకో నాలుగు లైన్లు వేయండి: అక్కడి పడవ బళ్లని ఎక్కించుకుంటుందా లేదా, పొద్దు ఎన్నింటికి కుంగుతుంది, అద్దె బండి ప్లేటు ఏ రంగులో ఉండాలి, బండి తీసుకునేటప్పుడే నాలుగు వైపులా వీడియో తీసుకోమని. ఇవి రాస్తే పేజీ అందం తగ్గదు.

మా తమ్ముడు వాళ్లు జనవరిలో అండమాన్ వెళ్తున్నారు. నిన్న ఫోన్ చేసి ఇదంతా పూస గుచ్చినట్టు చెప్పాను. అంతా విని, "అక్కా, ఆఫర్ ఉందని ఐదు రోజులకి కారు బుక్ చేసేశాను" అన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాకినాడ