కృష్ణ ఒడ్డున పడవలకు ఒక పైకప్పు కావాలి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విజయవాడకు ఎదురుగా, సీతానగరం వైపు ఒడ్డున 26 ఏళ్లుగా పడవలు బాగుచేస్తున్నాను. చెక్క పడవలతో పని మొదలుపెట్టాను. ఇప్పుడు ఎక్కువగా ఫైబరు పడవలు, చెక్క మీద ఫైబరు వేసిన పడవలు వస్తున్నాయి. మిమ్మల్ని అడగదలచుకున్నది ఒక్కటే. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపానికి పడవలు తిరిగే చోట, పడవను ఒడ్డెక్కించి బాగుచేసుకోవడానికి పైకప్పు, పక్కలకు పరదాలు, కరెంటు ఉన్న ఒక షెడ్డు కట్టించండి. ఇంత చిన్న కోరికకు ఇంత పెద్ద లేఖ ఎందుకంటే, పడవలు అతకడానికీ పూయడానికీ మేము వాడే ఎపాక్సీ అనే జిగురు గురించీ చలి గురించీ చెప్పకపోతే ఈ షెడ్డు అవసరం అర్థం కాదు.

బెజవాడలో చలి ఏమిటని ఎవరైనా అడుగుతారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది. అయినా సంక్రాంతి చలి చంకలెత్తనివ్వదని పెద్దలు ఊరికే అనలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 18 డిగ్రీల దగ్గరికి, కొన్ని రాత్రులు అంతకన్నా కిందికి దిగుతుంది. మనిషికి అది దుప్పటితో తీరే చలి. నది ఒడ్డున బోర్లించిన పడవ సంగతి వేరు. దాని అడుగు ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. రాత్రంతా వేడి పోగొట్టుకుని, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. చల్లటి మంచినీళ్లు పోసిన గ్లాసుకు చెమట పట్టినట్టే దానికీ పడుతుంది. తెల్లవారుజామున ఆ అడుగు మీద చెయ్యి పెడితే అరచెయ్యి తడిసిపోతుంది.

మా నాన్నగారి కాలంలో పలకల సందుల్లో నార కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి పూసేవారు. ఆ పనికి చలి అంతగా అడ్డు కాదు, కాచిన మందు వేడిగానే ఉంటుంది కదా. ఎపాక్సీ అలా కాదు. అది ఆరదు, గట్టిపడుతుంది. ఈ రెంటికీ తేడా ఉంది. రంగు ఆరడమంటే అందులోని ద్రవం గాలిలో కలిసిపోవడం. ఎపాక్సీలో రెజిన్ అనే జిగురు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఒకదానితో ఒకటి కలిసి కొత్త పదార్థంగా మారతాయి. ఆ మార్పుకు వేడి కావాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే గట్టిపడటానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుందని మా పనిలో లెక్క. మేము వాడే రకాలకు పూర్తి బలం రావడానికి 25 డిగ్రీల దగ్గర వారం రోజులని రాసి ఉంటుంది. రాత్రుళ్లు 15, 16 డిగ్రీలకు దిగే రోజుల్లో ఆ వారం ఎన్ని రోజులవుతుందో మీరే లెక్క కట్టవచ్చు. మరుసటి రోజు పైకి గట్టిగానే కనిపిస్తుంది. గోరు గుచ్చితే గాటు పడుతుంది. ఆ గాటు పడిన పడవను నీళ్లలోకి దించమని అడిగేవాళ్లు ఉన్నారు.

చలికి రెజిన్ కూడా చిక్కబడుతుంది. ఒక్కోసారి డబ్బాలో తెల్లగా పలుకులు కడుతుంది, పేరిన నెయ్యిలాగా. అది పాడైనట్టు కాదు. డబ్బాను వేడి నీళ్ల తొట్టిలో ఉంచి, పలుకులన్నీ కరిగేదాకా కలిపితే మామూలుగా అవుతుంది. తెలియనివాళ్లు పైపైన ఉన్న పలచటి భాగం వంచుకుని వాడేస్తారు. చిక్కబడిన రెజిన్‌ను కొలిచేటప్పుడు కొంత గిన్నెకే అంటుకుని ఉండిపోతుంది. దాంతో పాళ్లు తప్పుతాయి. పాళ్లు తప్పిన ఎపాక్సీ ఎన్నాళ్లు ఉంచినా గట్టిపడదు. ఆరు నెలల తర్వాత కూడా జున్నులా నొక్కుకుపోయే అతుకులను నేను ఉలితో గీకి తీశాను.

ఇక్కడే ఇంకో పెద్ద పొరపాటు జరుగుతుంది. మా కుర్రాళ్లలో చాలామంది ముందు పాలియెస్టర్ రెజిన్ అనే ఇంకో రకంతో పని నేర్చుకున్నవాళ్లు. అందులో చలి రోజుల్లో గట్టిపడేలా చేసే కేటలిస్టు అనే మందు ఒకటి రెండు చుక్కలు ఎక్కువ వేయవచ్చు, అది త్వరగా గట్టిపడుతుంది. ఆ అలవాటుతోనే ఎపాక్సీలో హార్డెనర్ ఎక్కువ పోస్తారు. ఎపాక్సీలో హార్డెనర్ పాలలో వేసే తోడు లాంటిది కాదు, అసలు సరుకులో అదీ ఒక భాగమే. ఎక్కువైనది కలవడానికి జత దొరక్క మెత్తగా మిగిలిపోతుంది. చలికి చేయవలసినది వేగంగా పనిచేసే హార్డెనర్ రకం తెచ్చుకోవడం, డబ్బాలను వెచ్చబెట్టడం, పడవను వెచ్చగా ఉంచడం. మొదటి రెండూ మా చేతిలో ఉన్నాయి. మూడోది లేదు.

పడవను వెచ్చగా ఉంచడం గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ లేఖకు అదే ప్రాణం. ఆరుబయట పని చేసేవాడికి చలికాలంలో రెండు నియమాలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. చెక్కలో సన్నటి రంధ్రాల నిండా గాలి ఉంటుంది. ఉదయం ఎండెక్కేటప్పుడు చెక్క వేడెక్కి, ఆ గాలి వ్యాకోచించి బయటికి వస్తుంది. అప్పుడు పూసిన ఎపాక్సీలో బుడగలు లేస్తాయి. బుడగ ఉన్న ప్రతి చోటా రేపు నీరు దారి వెతుక్కుంటుంది. కాబట్టి చెక్క చల్లబడటం మొదలైనప్పుడు, అంటే మధ్యాహ్నం మూడు దాటాక పూయాలి. అప్పుడు చెక్క రెజిన్‌ను లోపలికి పీల్చుకుంటుంది. అది మొదటి నియమం. కానీ మూడు దాటాక పూస్తే, అది బిగుసుకునేలోపే సాయంత్రం అయిపోతుంది, మంచు దిగుతుంది. పూత తొలి గట్టిదనానికి రాకముందు తేమ తగలకూడదన్నది రెండో నియమం. మొదటిది పాటిస్తే రెండోది తప్పుతుంది, రెండోది పాటిస్తే మొదటిది తప్పుతుంది. చెట్టు కింద, టార్పాలిన్ కింద ఈ చిక్కు విడిపోదు. కప్పు కింద, పరదాల మధ్య, నాలుగు దీపాల వెచ్చదనంలో విడిపోతుంది.

తేమ తగిలితే ఏమవుతుందో చెబుతాను. హార్డెనర్‌లోని కొంత భాగం గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి పూత మీద మైనం లాంటి జిడ్డు కడుతుంది. చలి ఎక్కువైన కొద్దీ జిడ్డు ఎక్కువ. కంటికి సరిగా కనిపించదు, వేలికి తెలుస్తుంది. దాని మీద రెండో పొర వేస్తే ఆ పొర పడవను పట్టుకోదు, జిడ్డును పట్టుకుంటుంది. ఆ జిడ్డు నీటికి కరుగుతుంది, థిన్నర్‌కు కాదు. మంచినీళ్లు పోసి గరుకు పీచుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే ఉప్పుకాగితం పట్టాలి. కడగకుండా ఉప్పుకాగితం పడితే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది.

ఇది నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు. 2024 సెప్టెంబరు మొదటి తేదీల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు, పాలూ అన్నమూ నీళ్లూ మోసిన పడవల్లో చాలా వరకు మత్స్యకారులవీ, పర్యాటకులను తిప్పేవాళ్లవీ. వీధుల్లో మునిగిన ప్రహరీ గోడల మీద, ఇనుప గేట్ల మీద, నీటి కింద ఆగి ఉన్న మోటారు సైకిళ్ల మీద అవి ఈడ్చుకుంటూ పోయాయి. అదే వరదలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం బ్యారేజీని దాటింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఢీకొన్నాయి. ఆ గేట్ల గురించి రాష్ట్రమంతా మాట్లాడింది. సింగ్ నగర్ వీధుల్లో అడుగులు చీరుకుపోయిన పడవలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా మా దగ్గరికి వచ్చాయి. కార్తీక మాసం రద్దీ వదులుకోలేక యజమానులు పైపైన అతికించుకుని తిప్పుకున్నారు. అసలు పనికి వచ్చేసరికి డిసెంబరు సగం దాటింది.

వాటిలో 22 అడుగుల చెక్క పడవ ఒకటి. దాని యజమాని సంక్రాంతి సెలవుల నాటికి నీళ్లలో దించాలన్నాడు, అప్పటికే బయానా తీసుకున్నాడు. ఒక సాయంత్రం గ్లాస్ క్లాత్, అంటే గాజు నారతో నేసిన గుడ్డ, పరిచి మొదటి పొర వేసి, టార్పాలిన్ కప్పి వెళ్లాము. తెల్లారేసరికి టార్పాలిన్ లోపలి వైపు నీటి బొట్లు వేలాడుతున్నాయి. పూత మీద జిడ్డు. మా కుర్రవాడు థిన్నర్ గుడ్డతో తుడిచి రెండో పొరకు సిద్ధమయ్యాడు. కడగాలి, ఆ రోజంతా ఆరనివ్వాలి అని నాకు తెలుసు. యజమాని ఎదురుగా నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. నేను ఆపలేదు. ఫిబ్రవరిలో ఆ పడవ అడుగున పళ్లెమంత ముక్క ఊడింది. ఒడ్డుకు దగ్గరలో ఉండబట్టి అందులో ఉన్న 11 మందీ మోకాటి లోతు నీటిలో నడిచి ఒడ్డుకు చేరారు. ఒకామె చంకలో ఏడాది పిల్ల ఉంది. ఆ పడవకు డబ్బు తీసుకోకుండా మళ్లీ అడుగు వేశాను. ఆ పిల్ల ముఖం మాత్రం ఈ లేఖ రాస్తున్నప్పుడు కూడా నా కళ్ల ముందే ఉంది.

షెడ్డు లేక మావాళ్లు చేసే ఇంకో పని ఉంది, అది నాకు మరీ భయం. టార్పాలిన్ గుడారం లోపల బొగ్గుల కుంపటి పెడతారు. వేడి వస్తుంది, నిజమే. కాలే బొగ్గు బొగ్గుపులుసు వాయువును వదులుతుంది, కిరోసిన్ పొయ్యి అయితే దానికి తోడు తేమను కూడా వదులుతుంది. జిడ్డు కట్టడానికి కావలసినవి అవే. పక్కనే థిన్నర్ డబ్బాలు ఉంటాయి. మూసిన గుడారంలో కుంపటి పొగ మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. కరెంటు ఉంటే దూరంగా పెట్టిన దీపాలతో ఆ వేడి వస్తుంది. ఇప్పుడు పనిచేసే చోట కరెంటు కోసం పక్క దుకాణం నుంచి వైరు లాగుతున్నాము.

మా చేతులు కూడా చూడండి. గట్టిపడీ గట్టిపడని ఎపాక్సీని ఉప్పుకాగితంతో రుద్దినప్పుడు లేచే పొడి ఒంటికి చాలా చెడ్డది. ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ మనిషి జన్మలో మళ్లీ ఎపాక్సీ ముట్టుకోలేడు, వాసనకే చర్మం దద్దుర్లెక్కుతుంది. ఎండాకాలంలో పూత మరుసటి రోజుకు గట్టిపడుతుంది కాబట్టి ప్రమాదం తక్కువ. తొందరపెట్టే చలికాలపు పనుల్లోనే ఇద్దరు మంచి పనివాళ్లు ఈ పని వదిలేసి ఆటో నడుపుకుంటున్నారు.

తనిఖీల గురించి ఒక మాట. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగి 20 మందికి పైగా పోయారు. అది అతుకు ఊడి మునిగిన పడవ అని నేను అనడం లేదు. అనుమతి లేని పడవ అనీ, లైఫ్ జాకెట్లు లేవనీ అప్పుడు అందరం చదివాము. ఆ తర్వాత తనిఖీ అంటే జాకెట్లు లెక్కపెట్టడం, కాగితాలు చూడటం అయింది. అవి చూడవలసినవే. 2021లో పార్లమెంటు 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం తెచ్చింది. పడవల సర్వే, రిజిస్ట్రేషన్ అందులో ఉన్నాయి. ఆ సర్వేకు వచ్చే అధికారిని పడవ కింద వంగి చూడమనండి. రూపాయి నాణెంతో అతుకు పొడవునా తట్టితే చాలు. పట్టుకున్న చోట గట్టి శబ్దం వస్తుంది, వదిలేసిన చోట బోలుగా పలుకుతుంది. ఏ తేదీన పూశారు, ఆ రోజు పడవ అడుగు ఎన్ని డిగ్రీలు ఉంది, నీళ్లలోకి దించేముందు ఎన్ని రోజులు ఉంచారు అని రాసిన ఒక పుస్తకం అడగమనండి. అలా అడుగుతారని తెలిస్తే యజమాని గడియారం చూసుకోవడం మానేస్తాడు, నాలాంటివాడికి ఆగమని చెప్పే ధైర్యం వస్తుంది.

మీ శాఖ కింద తిరిగే పడవల మరమ్మతుల టెండర్లలోనూ ఈ రోజుల లెక్క ఉండాలి. కార్తీకం ముగిసిన దగ్గర్నుంచి సంక్రాంతి వరకు మాకు దొరికేది నెలన్నర, ఏడాది మొత్తంలో మంచు ఎక్కువ కురిసేదీ ఆ నెలన్నరే. ఆ రోజుల్లో ఇచ్చే గడువు వేసవిలో ఇచ్చే గడువుతో సమానంగా ఉండకూడదు.

షెడ్డు గొప్పగా ఉండనక్కర్లేదు. 40 అడుగుల పొడవు, రేకుల కప్పు, రేకుల లోపల తేమ బొట్లుగా కారకుండా అడుగున ఒక పొర, దించుకునే పరదాలు, నీటిదాకా సిమెంటు వాలు, పడవను లాగే చేతి వించి, రెండు మంచి ప్లగ్ పాయింట్లు, గోడకు ఒక థర్మామీటరు. రోజుకింత అని అద్దె పెట్టండి, సంతోషంగా కడతాము. మత్స్యకారులకు తక్కువ అద్దె పెట్టండి. ఆ వరదలో వాళ్లు ఎవరినీ అద్దె అడగలేదు.

ఈ కార్తీకం ముగియగానే పడవలు మళ్లీ ఒడ్డెక్కుతాయి. ఆలోపు మీ ఇంజనీర్లను ఒక ఉదయం ఇటు పంపండి, ఆరు గంటలకు రమ్మనండి. పున్నమి ఘాట్ దగ్గర స్థలం నేను చూపిస్తాను, కొలతలు రాసి పెట్టుకుని ఉన్నాను.

ఇట్లు,
సీతానగరం ఒడ్డున పడవలు బాగుచేసే పనివాడు